తెలుగు లెటరింగ్ స్టూడియో: ముందు కాగితమా, కంప్యూటరా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

తలకట్టు:
బీఎఫ్ఏ అప్లయిడ్ ఆర్ట్, రెండో ఏడాది. తెలుగు లెటరింగ్ (అక్షరాలు గీయడం) స్టూడియో 8 వారాలు, వారానికి ఒక పూట, 3 గంటలు, 24 మంది. చెప్పేది బయట పని చేసుకునే డిజైనర్. మొదటి 4 వారాలు కంప్యూటర్ ముట్టనివ్వకుండా ఫ్లాట్ నిబ్బుతో (వెడల్పు మొన కలం) కాగితం మీదే రాయించాలని సిలబస్. ఇది దండగ అంటాను. ఆఫీసులో నిబ్బు పట్టేవాళ్లెవరు?

టైపుకేసు:
పట్టినవాళ్లున్నారండీ. ఆర్.కె. జోషి ఉల్కా ప్రకటనల సంస్థలో పనిచేసి, ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం ఐడీసీలో పాఠం చెప్పారు. విండోస్‌తో వచ్చిన మంగళ్ అనే దేవనాగరి ఫాంటు ఆయన చేతిదే. ఆయనకు కాలిగ్రఫీ ప్రాణం.

ఫ్లాట్ నిబ్బు వద్దంటే మాత్రం నేనూ మీ వైపే. అది రోమన్ అక్షరాల సిలబస్‌తో దిగుమతైన అలవాటు. మనది తాటాకు మీద గంటంతో గీసిన లిపి, గీత మందం ఒక్కటే. నిబ్బును 45 డిగ్రీల్లో పట్టి సున్నా చుడితే పైన ఎడమ పక్క, కింద కుడి పక్క సన్నబడి, సున్నా ఎడమకు ఒరిగినట్టుంటుంది. గుండ్రటి మొన ఉన్న 4 మి.మీ. మార్కర్, ట్రేసింగ్ పేపర్ ఇవ్వండి. అక్షరం ఒళ్లు 40 మి.మీ. అనుకుంటే పైన గుడికి 25, కింద వత్తుకు 40 వదలాలి. ఆ 40లో 'ష్ట్ర' పట్టదు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

'విద్యార్థి' రాయించి చూడండి. య వత్తు కుడికి సాగి పక్కనున్న థ వత్తును గుద్దుతుంది. దూరం జరిపితే మాట మధ్యలో చిల్లు. మరి య వత్తు తోక కురచ చేయాలా, థ వత్తును కిందికి దించాలా? ఆరేడుసార్లు రాస్తేనే తేలుతుంది. ఫాంటులో టైపు చేసినవాడికి ఇక్కడో చిక్కుందనే తెలియదు.

కర్వ్స్ పంపండి:
ప్రెస్సుకు వచ్చే ఫైళ్ల సంగతి కూడా చూడండి సార్. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (మన లిపుల్ని సరిగ్గా పేర్చే సెట్టింగు) పెట్టకుండా పేజీ కడితే వత్తులు విడిపోతాయి. పాత ఫొటోషాప్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్ మార్చాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌కి యూనికోడ్ ఫాంటు తగిలిస్తే అంతా పిచ్చి ఇంగ్లీషు. ప్రూఫ్ చదవకుండా కర్వ్స్ చేస్తే (అక్షరాల్ని ఉత్త గీతలుగా మార్చేస్తే) ఆ తర్వాత ఒక్క దీర్ఘం దిద్దలేరు. కాగితం మీద 4 వారాలు పోతే ఇవన్నీ ఎప్పుడు చెప్తారు?

టైపుకేసు:
అవి అరపేజీ నోట్సు, ఒక పూట పని. చెయ్యి తిరగడం పూటలో వచ్చేది కాదు.

తలకట్టు:
4 వారాల్లోనూ రాదు. లెక్క చూడండి. 24 మందికి క్రిటిక్ (పని చూసి తప్పొప్పులు చెప్పడం) తలా 4 నిమిషాలంటే 96 నిమిషాలు అయిపోయాయి. రాసుకోడానికి మిగిలేది 84. ఇంట్లో రాసుకురమ్మంటే బాపు రాతకు నకళ్లు పట్టుకొస్తారు.

అరసున్నా:
ఇద్దరూ వారాల లెక్కన పంచుకోవడమే తప్పు. మొదటి పూటే రెండూ పెట్టండి. గంట సేపు మార్కర్‌తో రాయించి, 600 డీపీఐలో స్కాన్ చేయించండి (ఫోన్ ఫొటో వద్దు, అంచుల్లో వంపు వంకరపోతుంది). ఆపైన ఫాంట్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్. అలాంటిదే అయిన గ్లిఫ్స్ మ్యాక్‌లో తప్ప నడవదు, ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, విండోస్ ల్యాబులో చక్కగా నడుస్తుంది.

బొమ్మను తనంతట తానే గీతలుగా మార్చే ఇమేజ్ ట్రేస్ మాత్రం ఎవర్నీ వాడనివ్వకండి. ఒక్క 'ర'కే డజన్ల కొద్దీ పాయింట్లు చల్లుతుంది, వంపు గతుకుల రోడ్డవుతుంది. పాయింట్లు పిల్లలే పెట్టుకోవాలి: పైన, కింద, కుడి, ఎడమ కొసల్లో ఒక్కోటి, హ్యాండిల్స్ (వంపును లాగే పిడులు) నిలువుగానో అడ్డంగానో. సున్నా బయటి గీతకు 4, లోపలి గీతకు 4 చాలు. ఆ కొస ఎక్కడుందో కన్ను పట్టుకోవాలంటే ముందు చెయ్యి తిరిగుండాలి. టైపుకేసు గారన్నది అందుకే నిజం. వంపు కుదరకపోతే మళ్లీ కాగితం మీదికే.

క్రిటిక్ మనిషి మనిషికీ వేరుగా ఎందుకు? 24 మంది 'థ'లూ గోడకు వరసగా అంటించండి. బోల్డులో ఎవరి చుక్క పూడిపోయిందో పది అడుగుల దూరం నుంచే కనిపిస్తుంది. 40 నిమిషాల్లో అయిపోతుంది.

తలకట్టు:
గోడ సంగతి ఒప్పుకున్నా. చివరికి ఫాంటు చేయించాలా మరి?

అరసున్నా:
అస్సలొద్దు. 12 అక్షరాలు, 5 వత్తులు, ఒక పోస్టరు. ఫాంటులో అక్షరాలు ఎలా కలవాలో చెప్పే ఓపెన్‌టైప్ కోడ్‌లో వత్తుల నియమాల జోలికి వెళ్తే 8 వారాలూ అక్కడే తెల్లారతాయి.

టైపుకేసు:
పోస్టరులో రెండు లైన్లు తప్పనిసరి చేయండి. పైన 'రాష్ట్రం', సరిగ్గా దాని కింద 'కీ' పడాలి. ఆటో లీడింగ్ (సాఫ్ట్‌వేరే పెట్టే లైన్ల దూరం, అక్షరం సైజుకు) 120 శాతంలో పై లైను వత్తులు కింది గుడిదీర్ఘం నెత్తినెక్కుతాయి. 150తో మొదలెట్టి దించుకుంటూ రమ్మనండి.

తలకట్టు:
శీర్షికకు 150 అంటే లైన్లు దేనికదే విడిపోవూ?

టైపుకేసు:
అందుకే లైను విరిచే చోటు మార్చుకోవాలి. వత్తు కింద గుడి లేని అక్షరం పడేలా విరిస్తే 110 కూడా సరిపోతుంది.