బయట గోడకు 16 రోజులకే రంగు వేయొచ్చా?

ప్రశ్న (బోడుప్పల్ నుంచి):
150 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాం. బయట ప్లాస్టరింగ్ అయి ఇవాళ్టికి 16 రోజులు. మొదటి పది రోజులు పొద్దున, సాయంత్రం నేనే పైపు పట్టి తడిపాను. శ్రావణంలో గృహప్రవేశం, ఇంకా 20 రోజులే ఉంది. పెయింటర్ అన్నేమో "లప్పం (పుట్టీ) పెట్టేసి రెండు కోట్లు కొట్టేద్దాం మేడమ్, వారంలో అయిపోతది" అంటున్నాడు.

పడమటి గోడ ఆరి తెల్లబడింది. ఉత్తరం గోడ మాత్రం ఇంకా ముదురు బూడిద రంగులోనే ఉంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది. పిట్టగోడ కింద తెల్లటి పొడి కనిపిస్తోంది. తుడిస్తే పోతుంది, రెండు రోజులకు మళ్లీ వస్తుంది. రంగు లేని ఇంట్లో గృహప్రవేశం ఏంటని మా అత్తయ్య బాధపడుతున్నారు. లోన్ తీసుకుని కట్టుకుంటున్న ఇల్లు, రెండోసారి ఖర్చు పెట్టే స్తోమత లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (నాగోల్ నుంచి):
అక్కా, ఆగండి. మేం మూడేళ్ల కింద వానాకాలంలో ఇలాగే తొందరపడ్డాం. దీపావళికల్లా ఉత్తరం గోడ మీద బుడగలు లేచాయి. గోరు తగిలితే చాలు, రంగు పొరలు పొరలుగా ఊడొచ్చింది. మొత్తం గీకించి మళ్లీ వేయించాం. గీకినందుకు కూలీ వేరే.

ఆరిందో లేదో చూడాలంటే అడుగున్నర పాలిథిన్ ముక్కను గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. మర్నాడు తీసి చూస్తే, లోపలి వైపు నీటి చుక్కలుంటే గోడలో తడి ఉన్నట్టే.

జవాబు 2 (రిటైర్డ్ సైట్ ఇంజనీర్, ఈసీఐఎల్):
అమ్మా, ప్లాస్టరింగ్ అయ్యాక రంగు వేయడానికి 28 రోజులనేది కనీసం. ముహూర్తం నాటికి మీకు 36 రోజులవుతాయి, నిజమే. కానీ ముసురు పట్టిన రోజుల్లో గోడ ఆరదు. కొత్త సిమెంటులో క్షారం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. తడి, క్షారం కలిసి రంగు పట్టును దెబ్బతీస్తాయి.

ఆ తెల్ల పొడి ఉప్పు. లోపలి నీళ్లు బయటికి వస్తూ దాన్ని మోసుకొస్తాయి. నీళ్లతో కడగకండి, పొడి బ్రష్‌తో దులపండి. పిట్టగోడ కిందే మళ్లీ మళ్లీ వస్తోందంటే, పైనుంచి నీళ్లు దిగుతున్నాయేమో ముందు చూడాలి. పిట్టగోడ పైభాగం వాలు టెర్రస్ వైపు ఉందా? సన్‌షేడ్ అడుగు అంచున నీళ్లు జారిపడే గాడి ఉందా? ఇవి సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన రంగైనా నిలవదు.

పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య చీలిక వస్తే ముందు దాన్ని పూడ్పించండి. స్పాంజ్ ఫినిష్ (తడి స్పాంజ్‌తో రుద్ది సాపు చేసిన) గోడైతే అంతటా లప్పం అక్కర్లేదు. పెట్టినా వైట్ సిమెంట్ పుట్టీయే పెట్టాలి. లోపల గోడలకు వాడే అక్రిలిక్ పుట్టీ బయట వానకు ఉబ్బి ఊడిపోతుంది. తర్వాత ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఒక కోటు, రంగు రెండు కోట్లు. ప్రైమర్ మానేసి ఆ డబ్బు మిగిల్చుకుందామని మాత్రం అనుకోవద్దు. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపనివ్వండి, దగ్గరుండి చూసుకోండి. ఎండాకాలం కాకపోయినా పడమటి గోడకు మధ్యాహ్నం ఎండలో వేయించకండి.

బోడుప్పల్ (రెండు రోజుల తర్వాత):
పాలిథిన్ పెట్టి చూశాను అన్నా. పడమర పొడిగా ఉంది, ఉత్తరం వైపు తీస్తే చుక్కలు కారాయి. అది అత్తయ్యకే చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకులు ఉంటే చాలు, కానివ్వు" అన్నారు. లోపల ప్లాస్టరింగ్ రెండు నెలల కిందటిదే కాబట్టి, అక్కడా పాలిథిన్ పెట్టి చూసి హాలు, పూజగది వరకు ఇప్పుడు వేయిస్తున్నాం. బయటిది వానలు తగ్గాక, కార్తీకంలో. సార్, మీరు అనుమానించినట్టే పిట్టగోడ వాలు టెర్రస్ వైపు కాకుండా బయటికి ఉంది. మేస్త్రి రేపు వచ్చి సరిచేస్తానన్నాడు.