ఆర్వీలో ఉంటూ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లో వాలంటీర్‌గా చేయాలంటే?

ప్రశ్న, డాలస్ నుంచి:
అందరికీ నమస్కారం. మా వారు ఈమధ్యే రిటైరయ్యారు. ఇద్దరం సిటిజన్లమే. ఆర్వీ, అంటే లోపలే ఉంటూ ప్రయాణించే ఇల్లులాంటి బండి, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాం, కారు వెనక లాగే ట్రావెల్ ట్రైలర్. న్యూ మెక్సికోలో బోస్కే డెల్ అపాచీ రెఫ్యూజ్‌కి (పక్షులు, జంతువుల కోసం ఫెడరల్ ప్రభుత్వం కాపాడే చోటు) చలికాలం శాండ్‌హిల్ కొంగలు వేలల్లో వస్తాయి కదా, ఒక సీజన్ అక్కడే ఉండి పని చేయాలని ఆశ. ఎలా అప్లై చేయాలి? మా వారికి మోకాళ్ళ నొప్పులు, నా టెన్షన్ అంతా అదే.

జవాబు, టూసాన్ నుంచి:
అక్కగారూ, మేమిద్దరం ఇలా కొన్ని రెఫ్యూజ్‌లలో ఉన్నాం. ముందు వాలంటీర్ డాట్ గవ్‌లో (volunteer.gov, ప్రభుత్వ వాలంటీర్ పనుల వెబ్‌సైట్) వెతకండి. ఆర్వీకి చోటు ఉందో లేదో ప్రకటనలోనే రాస్తారు. కరెంటు, నీళ్ళు, మురుగునీటి కనెక్షన్‌తో చోటు ఇస్తారు, బదులుగా మనం పని చేయాలి. చాలాచోట్ల వారానికి 20 నుంచి 30 గంటలు అడుగుతారు, కనీసం రెండు మూడు నెలలు ఉండమంటారు. ఆ గంటలు మనిషికా, జంటకు కలిపా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇద్దరిలో ఒకరికి ఓపిక తక్కువైతే అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

అందుకే పక్షుల్ని చూసి చోటు ఎంచుకోకండి, పనిని చూసి ఎంచుకోండి. విజిటర్ సెంటర్‌లో కూర్చుని వచ్చినవాళ్ళకి దారి చెప్పడమూ వాలంటీర్ పనే, ఎండలో కలుపు చెట్లు నరకడమూ వాలంటీర్ పనే. కోఆర్డినేటర్ ఫోన్ చేసినప్పుడు మోకాళ్ళ సంగతి దాచకుండా చెప్పండి. చేరేముందు సంతకం పెట్టే ఒప్పందంలో మీరు చేసే పనులు రాస్తారు. అన్నగారు చేయగలిగినవే అందులో ఉండేలా చూసుకోండి. ఒప్పందంలో ఉన్న పని చేస్తూ దెబ్బ తగిలితే ఫెడరల్ ఉద్యోగుల నష్టపరిహార చట్టం వాలంటీర్లకూ వర్తిస్తుంది. దాని బయట పని ఎవరైనా చేయమంటే, ముందు కాగితంలో చేర్చమని అడగండి, మొహమాటపడొద్దు.

జవాబు, ఆల్బుకర్కీ నుంచి:
ఆంటీ, బోస్కే 4,500 అడుగుల ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు నీళ్ళు గడ్డకడతాయి. మామూలు నీళ్ళ పైపు తెచ్చుకుంటే పొద్దున్నే చుక్క రాదు, కరెంటుతో వేడెక్కే పైపు కొనుక్కోండి. మీ ట్రైలర్ 30 యాంప్‌లదా, 50 యాంప్‌లదా? 30 అయితే మొత్తం 3,600 వాట్లే. రూమ్ హీటర్ 1,500 లాగుతుంటే, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ కలిపి పెట్టగానే బ్రేకర్ పడిపోతుంది. వంటకి గ్యాస్ వాడండి. సామాన్లకి సొకారో 20 మైళ్ళు ఉంటుంది. కందిపప్పు, మినప్పప్పు లాంటివి కావాలంటే ఆల్బుకర్కీ రావాలి, అది 90 మైళ్ళు. కాబట్టి ముందే నింపుకుని రండి.

ప్రశ్న, న్యూజెర్సీ నుంచి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్ళు కూడా చేయవచ్చా?

జవాబు, టూసాన్ నుంచి:
తమ్ముడూ, తొందరపడకు. అప్లికేషన్‌లోనే సిటిజన్‌షిప్ లేదా వీసా వివరాలు అడుగుతారు. పనికి బదులుగా ఉచితంగా చోటు తీసుకోవడాన్ని జీతం కిందే లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా సంతకం పెట్టించవద్దు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకీ ఇదే మాట. అమ్మానాన్నలకి చూపించాలనుకుంటే మామూలు సందర్శకులుగా తీసుకెళ్ళు. సాయంత్రం కొంగలు లోతులేని నీళ్ళలో దిగుతాయి. రాత్రంతా నీళ్ళలోనే నిలబడతాయి, కయోటీలు (నక్కల్లాంటి జంతువులు) దగ్గరికొస్తే చప్పుడు తెలుస్తుందని. మనవాళ్ళకి నేలపట్టు పెలికాన్లు గుర్తొస్తాయి.

ప్రశ్న, డాలస్ నుంచి:
చాలా థ్యాంక్స్ అమ్మా. ఇంకొక్కటి. రెఫ్యూజ్‌లో వేటకి కూడా అనుమతి ఉంటుందని ఎవరో చెప్పారు. నిజమేనా? మనసు ఒప్పుకోవడం లేదు.

జవాబు, టూసాన్ నుంచి:
నిజమే అక్కగారూ. చాలా రెఫ్యూజ్‌లలో కొన్ని భాగాల్లో, కొన్ని రోజుల్లో వేటకి అనుమతి ఉంటుంది, బోస్కేలో కూడా. మొదట్లో నాకూ కష్టంగానే అనిపించింది. అయితే బాతుల వేటకి వెళ్ళేవాళ్ళు 1934 నుంచి డక్ స్టాంప్ అనే ఫెడరల్ స్టాంప్ కొనాల్సిందే. దానికి పెట్టే ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలల్ని కాపాడటానికే పోతాయి. మనం చూసే రెఫ్యూజ్ భూములు చాలా ఆ డబ్బుతో కొన్నవే. అయినా మనసు రాకపోతే వేట సీజన్‌లో మీకు ఏ పని ఇస్తారో ముందే అడగండి. విజిటర్ సెంటర్ కావాలని అడగడంలో తప్పేమీ లేదు.

చివరిగా, దక్షిణాది రెఫ్యూజ్‌లలో చలికాలం సీట్లు త్వరగా నిండిపోతాయి. చాలామంది ఏడాది ముందే రాస్తారు. బోస్కే ఒక్కదానికే కాకుండా టెక్సాస్‌లో శాంటా ఆనా, అరాన్సాస్‌లకి కూడా అప్లై చేయండి. అరాన్సాస్‌లో హూపింగ్ కొంగలు కనబడతాయి, పైగా మీకు దగ్గర. ప్రభుత్వ వాహనం నడపాలన్నా, కంప్యూటర్ వాడాలన్నా వేలిముద్రలు తీసుకుని బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. దానికి వారాలు పట్టవచ్చు, కాబట్టి కాగితాలు అడిగిన రోజే పంపేయండి. మొత్తం 250 గంటలు పూర్తయితే నేషనల్ పార్కులకి వెళ్ళే ఏడాది పాస్ ఉచితంగా ఇస్తారు, ఎన్ని గంటలు చేశారో రాయించుకోవడం మర్చిపోకండి.