ఓకోనిగ్స్‌బూర్ కోటను శిథిలంగానే ఉంచవలసిందా?

శిలాశోధి:
ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న అల్సాస్‌లో, వోజ్ కొండల అంచున, సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్న ఓకోనిగ్స్‌బూర్ కోట గురించి ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. 12వ శతాబ్దంలో వెలసిన ఈ కోట 1462లో ధ్వంసమైంది. 1479లో దానిని పొందిన థియర్‌స్టైన్ ప్రభువులు ఫిరంగి దెబ్బలను తట్టుకొనేలా మందపు గోడలతో తిరిగి కట్టించారు. 1633లో స్వీడన్ సైన్యం 52 రోజులు ముట్టడించి, పట్టుకొని తగులబెట్టింది. అప్పటి నుంచి రెండున్నర శతాబ్దాలకు పైగా చెట్ల మధ్య మొండిగోడలుగా నిలిచిన కోటను, అల్సాస్ జర్మనీ ఏలుబడిలో ఉన్న 1899లో సెలెస్టా పట్టణం రెండవ విల్‌హెల్మ్ చక్రవర్తికి కానుకగా ఇచ్చింది. ఆయన కోరికపై వాస్తుశిల్పి బోడో ఎబ్‌హార్ట్ 1900 నుంచి 1908 వరకు దానిని పైకప్పులతో సహా పునర్నిర్మించాడు. ఆ పని జరగకుండా ఉండవలసిందని నా అభిప్రాయం. అక్కడికి వెళ్లినవారు మధ్యయుగాన్ని చూశామనుకుంటారు గాని, చాలా చోట్ల వారు చూసేది 20వ శతాబ్దారంభపు ఊహను.

కోటబాట:
శిలాశోధి గారూ, మొండిగోడ ఎప్పటికీ అలాగే ఉండిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. మధ్యయుగపు గోడ సాధారణంగా బయటా లోపలా చెక్కిన రాళ్ల వరుసలతో, నడుమ సున్నంలో కలిపిన రాళ్ల ముక్కలతో ఉంటుంది. పై వరుస ఊడిపోగానే వాననీరు నడిమి భాగంలోకి దిగుతుంది, చలికాలంలో గడ్డకట్టి వ్యాకోచిస్తుంది, ఏటేటా ఆ రెండు ముఖాలనూ బయటికి నెడుతుంది. చెట్ల వేళ్లు మిగిలిన పని పూర్తి చేస్తాయి. ఎబ్‌హార్ట్ పైకప్పు వేయించిన తరువాత ఆ నీటికి దారి మూసుకుపోయింది. పైగా ఎబ్‌హార్ట్ గాలిలో మేడలు కట్టలేదు: శిథిలాలను తవ్వించి, కొలిపించి, ఫొటోలు తీయించి, తాను కొత్తగా పెట్టిన రాళ్లపై గుర్తులు వేయించాడు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడానికి అంత ఆధారం మిగిల్చినవారు ఆ కాలంలో అరుదు.

శిలాశోధి:
గోడ నిలవాలంటే పై అంచును సున్నంతో కప్పి, నీరు జారిపోయేలా చేస్తే చాలు. అందుకు ప్రధాన బురుజును అంత ఎత్తుకు లేపి, మరో బురుజుపై గాలిమర నిలపనక్కరలేదు. విందుశాల పైకప్పు లోపలి వైపు సామ్రాజ్యపు గద్దను చిత్రించడానికి వానకూ మంచుకూ ఏ సంబంధమూ లేదు. రైన్ లోయ అంతటికీ కనబడే ఆ కొండపై జర్మన్ ప్రాభవానికి ఒక గుర్తు నిలపాలన్నదే అసలు ఉద్దేశం. ఈ అభ్యంతరం ఈనాటిది కూడా కాదు. స్ట్రాస్‌బూర్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర ఆచార్యుడైన గేయోర్గ్ డేహియో, జర్మనీలో శిథిలంగా ఉన్న హైడెల్‌బెర్గ్ కోట పునర్నిర్మాణ ప్రతిపాదనను 1901లోనే వ్యతిరేకించాడు. ఉన్నదానిని కాపాడాలి గాని పోయినదానిని కల్పించరాదన్నది ఆయన వాదం. చారిత్రక కట్టడాల పరిరక్షణపై 1964లో కుదిరిన వెనిస్ ఒడంబడిక 9వ నిబంధన కూడా, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలనే చెబుతుంది.

కోటబాట:
మరి థియర్‌స్టైన్ ప్రభువులు చేసిందేమిటి? వారూ 12వ శతాబ్దపు గోడల మీదనే తమ కాలానికి తగినట్టు కట్టారు గదా? వారిని మెచ్చుకొని ఎబ్‌హార్ట్‌ను మాత్రం తప్పుపట్టడం న్యాయంగా లేదు.

శిలాశోధి:
తేడా ఉంది, అదీ పెద్ద తేడా. వారు శత్రువు ఫిరంగుల నుంచి తప్పించుకోవడానికి తమ కాలపు గోడను తమ కాలపు గోడగానే కట్టుకున్నారు. దానిని ఎవరూ పాతదని భ్రమించే అవసరం లేకపోయింది. ఎబ్‌హార్ట్ మాత్రం, ఆవిరి యంత్రంతో రాళ్లు లాగించి, విద్యుత్తు వాడుతూ, 15వ శతాబ్దపు రూపాన్ని తయారు చేశాడు. అలాగని ఇప్పుడు దానిని కూల్చాలని నేననను. 1908 నాటి కట్టడం కూడా ఇప్పుడు అల్సాస్ చరిత్రలో భాగమే. అయితే కోట గురించి ఎవరు రాసినా, పడమటి వైపున్న థియర్‌స్టైన్ల బురుజుల గోడలను, చక్రవర్తి కోసం లేచిన భాగాలను ఒకే ఫొటో కింద ‘మధ్యయుగపు కోట’ అని కలిపివేయకుండా, ఏ రాయి ఏ కాలానిదో విడదీసి చెప్పాలి. ఎబ్‌హార్ట్ వేయించిన గుర్తులు అందుకే ఉన్నాయి. మీరు చెప్పిన ఆ ఆధారాన్ని వాడుకోవడంలో మనకు భేదాభిప్రాయం లేదు.