అప్‌డేట్: కారు లేకుండా కత్సునుమా వైన్ ఊరు చూశాం

టోక్యో నుంచి కారు లేకుండా యమనాషిలోని కత్సునుమా వెళ్లొచ్చా అని ఇక్కడ అడిగాను కదా, వెళ్లొచ్చాం. రైలే నయం, ఎందుకంటే జపాన్‌లో కొంచెం తాగి బండి నడిపినా నేరమే. షింజుకు నుంచి చూవో లైన్‌లో సుమారు గంటన్నర. కత్సునుమా-బుదోక్యో స్టేషన్‌లో దిగితే చుట్టూ ద్రాక్ష పందిళ్లే.

వైన్ రుచి చూసే కేంద్రం ఉన్న బుదో-నో-ఓకా కొండకి స్టేషన్ నుంచి నడిచే వెళ్లాం. డబ్బు కట్టగానే చిన్న లోహపు గిన్నె చేతికిస్తారు, నేలమాళిగలో వరసగా పెట్టిన సీసాల నుంచి మనమే పోసుకుని రుచి చూడాలి. గులాబీ తొక్క ఉన్న కోషు ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ నాకు చాలా నచ్చింది. తేలిగ్గా, కాస్త పుల్లగా ఉంటుంది. 1877లో ఇక్కడి ఇద్దరు కుర్రాళ్లని వైన్ తయారీ నేర్చుకోమని ఫ్రాన్స్ పంపారట!

దైజెంజి గుడి మాత్రం వదలొద్దు. దాని ప్రధాన మందిరం 1286 నాటిది, అక్కడి బుద్ధుడి చేతిలో ద్రాక్ష గుత్తి ఉంటుంది.