తేనెటీగల పెట్టెల్లో వర్రోవా నల్లి: ఫార్మిక్ ఆమ్లం పెట్టాలా, ఆక్సాలిక్ ఆమ్లం పోయాలా?

నంద్యాల పొద్దుతిరుగుడు
నలభై ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు. ఈ ఎండల్లో వారం నుంచి వాకిళ్ల ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పాకుతున్నాయి. నిన్న మగ ఈగల గదులు సూదితో గిల్లి చూశాను. తెల్లటి ప్యూపా మీద పీతల్లా ఎర్రటి నల్లులు, ఒక్కదాని మీదే మూడు. రక్తమంతా పీల్చేస్తున్నాయి. ఏ మందు వాడాలి? వాడాక ఎన్నాళ్లకు తేనె తీయవచ్చు? పక్క పొలంలో అరవై పెట్టెలున్న ఆసామి ఏ మందూ వేయడు. ఆయనకేమని చెప్పాలి?

ఆరు చట్రాలు
ఫార్మిక్ జోలికి వెళ్లకండి. మందుల దుకాణంలో చెప్పారని నిరుడు ఏప్రిల్‌లో 85 శాతం ఆమ్లం పెట్టెకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున చిన్న సీసాల్లో పోసి, దూదివత్తి వేసి పెట్టాను. మధ్యాహ్నం 41 డిగ్రీలు. సాయంత్రానికి ఈగలన్నీ బయట గుత్తులుగా వేలాడుతున్నాయి. నాలుగో రోజు తెరిస్తే పదకొండు పెట్టెల్లో రాణి లేదు.

పాత పెట్టె
తప్పు మందుది కాదు, మీది. 30 డిగ్రీలు దాటితే ఫార్మిక్ పెట్టకూడదు. మైనంతో మూత వేసిన పిల్ల గదిలోకి చొరబడి నల్లిని చంపేది ఆ ఆవిరే. ఆక్సాలిక్ ఈగల ఒంటిమీద ఉన్నవాటినే చంపుతుంది. పిల్ల (గుడ్లు, పురుగులు, ప్యూపాలు) నిండుగా ఉన్నప్పుడు నల్లుల్లో సగానికి పైగా మూతల కిందే ఉంటాయి. నేను ఇరవై రెండేళ్లుగా డిసెంబరు చలిలో పెడుతున్నాను. ఒక్క రాణీ పోలేదు.

ఆరు చట్రాలు
పోలేదంటే మీరు లెక్క పెట్టి ఉండరు. ఎండలో మందు అడిగినవారికి డిసెంబరు కథ చెప్పడం ఏ రకం అనుభవం?

ఎమ్మెస్సీ కీటకశాస్త్రం
మొదట ఒక సవరణ. పెద్ద ఈగల మీద ఉన్నప్పుడు ఇది ప్రధానంగా రక్తం పీల్చదు. ఈగ ఒంట్లోని కొవ్వు కణజాలాన్ని తింటుందని 2019లో శామ్యూల్ రామ్సే బృందం చూపించింది. మరొకటి, 2000 వరకూ దీన్ని వర్రోవా జాకబ్సోనీ అనుకునేవారు. మన పెట్టెల్లో ఉన్నది వర్రోవా డిస్ట్రక్టర్. పేర్లు సరిగా రాయకపోతే చర్చే వృథా.

ఆరు చట్రాలు
కొవ్వయితే నా పదకొండు రాణులు తిరిగొస్తాయా?

అరకు తొర్ర ఈగ
ఇంత గొడవ ఇటాలియన్‌ను తెచ్చిపెట్టుకోవడం వల్లే. ఈ నల్లి మొదటి నుంచీ మన పుట్ట తేనెటీగదే. మన ఈగలు దాన్ని ఒంటిమీంచి తీసి కొరికి పారేస్తాయి. మన ఈగల్లో అది మగపిల్లల్లోనే పెరుగుతుంది, కూలి ఈగల గదుల్లో పిల్లలు పెట్టలేదు. నా పెట్టెలకు ఈ నల్లి కోసం మందు చుక్క వేయలేదు.

పాత పెట్టె
1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో మీ మన ఈగల్ని ఊడ్చిపెట్టినప్పుడు ఏ మందు వేశారు? పైగా అలిగితే పెట్టె వదిలేసి చక్కా పోతాయి. తేనె ఎన్ని కిలోలు వస్తుందో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.

అరకు తొర్ర ఈగ
కిలోలు మీవి, కంటినిండా నిద్ర నాది.

వంటింటి తూకం
ముందు నల్లుల్ని లెక్క పెట్టండి. పిల్ల ఉన్న చట్రం తీయండి, దాని మీద రాణి లేదని రెండుసార్లు చూసుకోండి. అరకప్పు ఈగలు, అంటే సుమారు 300, సీసాలోకి దులపండి. పైన జల్లెడ బిగించి, రెండు చెంచాల పంచదార పొడి వేసి, ఒక నిమిషం దొర్లించి తెల్లటి పళ్లెంలో కుదపండి. నల్లులు మిరియాల పొడిలా రాలతాయి. తొమ్మిది దాటితే మందు తప్పదు. పొడి ఇంట్లోనే మిక్సీలో వేసుకోండి, కొన్న పొడిలో తరచూ మొక్కజొన్న పిండి కలుపుతారు.

పాత పెట్టె
పిండి వల్ల ఏమీ కాదు. కొన్న పొడే వాడుతున్నాను.

వంటింటి తూకం
మీరు వాడేది వేరు, ఈగ అరిగించుకోగలిగేది వేరు.

కానుగ పూత
ఎండలో నా పద్ధతి ఇది. రాణిని 24 రోజులు చిన్న పంజరంలో ఉంచుతాను. మగపిల్లతో సహా పిల్లంతా బయటికి వచ్చేస్తుంది, నల్లి దాక్కోవడానికి మూత గది మిగలదు. అప్పుడు సమపాళ్ల పంచదార పాకం ఒక లీటరులో 35 గ్రాముల ఆక్సాలిక్ కరిగించి, ఈగలున్న ఒక్కో సందులో ఐదు మిల్లీలీటర్లు, చల్లటి పొద్దున పోస్తాను. పెట్టె మొత్తానికి 50 దాటనివ్వను. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు మరవకండి.

నంద్యాల పొద్దుతిరుగుడు
లెక్క పెట్టాను. మూడు పెట్టెల్లో 17, 22, 6. కానుగ పూత గారి పద్ధతే చేస్తాను, పంజరాలకు చెప్పాను. తేనె సంగతి, పక్క ఆసామి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొత్త ఔత్సాహికుడు
అన్నా, ఆ నలభైలో రెండు పెట్టెలు అమ్ముతారా? ఈగలతో సహా ఎంత?