హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలేనా?

బీటీఎం రవి: మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ప్రోగ్రామింగ్ కోర్సు అని చెప్పి మా తమ్ముడికి హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మాత్రమే నేర్పి పంపారు. ఇంటర్వ్యూలో పది అంకెల్లో పెద్దది వెతికే కోడ్ అడిగితే వాడు తెల్లమొహం వేశాడు. హెచ్‌టీఎంఎల్ వెబ్ పేజీలో ఇది హెడ్డింగు, ఇది పేరా, ఇది లింకు అని గుర్తులు (ట్యాగులు) పెడుతుంది. సీఎస్‌ఎస్ రంగు, సైజు చెబుతుంది. అంతే. లెక్క చేయవు, నిర్ణయం తీసుకోవు.

తాటిబెల్లం: కావు. ఇందులో చర్చేముంది?

సర్జాపూర్ సుధ: ఉందండీ. స్క్రీను వెడల్పు 600 పిక్సెళ్ళు దాటకపోతే మెనూ దాచమని సీఎస్‌ఎస్‌లో మీడియా క్వెరీ అనే షరతు రాస్తాం. అది నిర్ణయం కాదా? కాల్క్ అనే ఫంక్షన్‌తో లెక్కలు కూడా వేస్తాం. విలువలు పేరు పెట్టి దాచుకునే వేరియబుల్స్ ఉన్నాయి.

బీటీఎం రవి: ఆ వేరియబుల్‌కి దాన్నే వాడి ఒకటి కలపండి చూద్దాం. తనను తానే పిలుచుకుంటోందని బ్రౌజర్ ఆ విలువను చెల్లనివ్వదు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్ లేదు. పైథాన్‌లో కోలన్ మరిస్తే ప్రోగ్రామ్ మొదలే కాదు, సీఎస్‌ఎస్‌లో ప్రాపర్టీ పేరు తప్పు రాస్తే ఆ ఒక్కటీ వదిలేసి ముందుకు పోతుంది.

జయనగర్ వాసి: హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కలిపి చెక్‌బాక్సులతో రూల్ 110 అనే చిన్న లెక్కల పద్ధతిని చేసి చూపించారు. అంటే ట్యూరింగ్ కంప్లీట్, కంప్యూటర్ చేయగల ఏ లెక్కయినా చేయగలవన్నమాట.

బీటీఎం రవి: మనిషి కూర్చుని కీలు నొక్కుతూ ఉంటేనే అది నడుస్తుంది.

మడివాళ ఈశ్వర్: ట్యాగులు కనబడగానే మార్కప్, అంటే ఉత్త గుర్తులు పెట్టేదే అనేయకండి. ఎక్స్‌ఎంఎల్ అని హెచ్‌టీఎంఎల్ లాంటిదే ఇంకో ట్యాగుల పద్ధతి ఉంది. దాని ఫైళ్ళను ఇంకో రూపంలోకి మార్చడానికి 1999లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని మొత్తం ఆ ట్యాగుల్లోనే రాస్తారు. అందులో షరతులు, రికర్షన్ (తనను తానే మళ్ళీ పిలుచుకోవడం) అన్నీ ఉన్నాయి. పుస్తకాల పేజీలు కూర్చడానికి పుట్టిన టెక్ (TeX) అనే లాంగ్వేజీలో మాక్రోలతో, అంటే మనమే తయారుచేసుకునే ఆదేశాలతో, ఏ లెక్కయినా చేయొచ్చు.

సర్జాపూర్ సుధ: డేటాబేస్ నుంచి సమాచారం అడిగే ఎస్‌క్యూఎల్‌లో కూడా ఏం కావాలో చెబుతామే గాని ఎలా తేవాలో చెప్పం. అది రాసేవాళ్ళను ఎవరూ చిన్నచూపు చూడరే!

బీటీఎం రవి: చిన్నచూపు మాట నేనెక్కడన్నాను? ఊరికే మీద పడకండి.

సర్జాపూర్ సుధ: మొదటి పోస్టులో "అంతే" అన్నది మీరే. అప్రైజల్‌లో మా మేనేజర్ కూడా అదే అన్నాడు, "మీది కోడింగ్ కాదు కదా" అని. మా ఆఫీసులో నేను బాగుచేసింది డివ్‌లకు, అంటే ఉత్త పెట్టెలకు, బటన్ వేషం వేసి పెట్టిన ఫారం. ఆ బటన్ ట్యాబ్ కీకి అందదు, తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చదవదు. అన్నీ అసలు బటన్ ట్యాగులుగా మార్చి, ప్రతి గడికీ లేబుల్ కట్టింది నేను. కళ్ళు కనబడనివాళ్ళు ఇప్పుడు దాన్ని సొంతంగా నింపుకుంటున్నారు. హైక్ మాత్రం తెర వెనక సర్వర్ కోడ్ రాసే బ్యాకెండ్ వాళ్ళకే.

బీటీఎం రవి: అది అన్యాయమే. మరి మా నాన్న అప్పు తెచ్చి కట్టిన ఫీజు? ప్రోగ్రామింగ్ అనే పేరు చూసే కదా కట్టారు.

తాటిబెల్లం: ఒకరిది ఫీజు బాధ, ఒకరిది జీతం బాధ. ముందే చెప్పొచ్చు కదా!

సర్జాపూర్ సుధ: ఆ పేరు చూసే జీతం కడుతున్నంత కాలం ఆ పేరు నాకూ కావాలి.

బీటీఎం రవి: మీకిస్తే ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రేపు మీ పోస్టే చూపించి ఇంకో పిల్లాణ్ణి చేర్చుకుంటారు. నేను ఒప్పుకోను.

మడివాళ ఈశ్వర్: రవి గారూ, తమ్ముడికి పేజీ కట్టడం వచ్చు కదా. అదే పేజీలో పది గడులు, ఒక బటన్ పెట్టి, నొక్కితే పెద్ద అంకె చూపించేలా జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలో కోడ్ రాయమనండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగమనండి, నేను చెబుతాను.