బాండ్ ఓటు: పెద్దవాళ్ళకు వివరించి ఊరుకోవాలా, ఎటు వేయాలో కూడా చెప్పాలా?

ఫ్రిస్కో కోడలు
మా అత్తగారికి అమెరికా పౌరసత్వం వచ్చాక మొదటి ఓటు 2024 నవంబరులో. అధ్యక్షుడి పేరు దగ్గర తడుముకోలేదు. మా ఊరి ప్రభుత్వ బడులను నడిపే ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ పెట్టిన నాలుగు ప్రతిపాదనల దగ్గర ఆగిపోయారు. మా టెక్సస్‌లో స్కూల్ బాండ్ (బడి భవనాల కోసం చేసే అప్పు) ప్రశ్న మీద పెద్ద అక్షరాలతో ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని ఉంటుంది కదా. నమూనా బ్యాలెట్ చదివి వినిపిస్తే, "పెంచుతామని వాళ్ళే రాసుకున్నాక ఇంక నన్ను అడగడం ఎందుకమ్మా?" అన్నారు. నాలుగూ ఓడిపోయాయి.

మళ్ళీ బాండ్ వచ్చేలోగా పెద్దవాళ్ళను కూర్చోబెట్టి తెలుగులో వివరించాలని మేం నలుగురం అనుకున్నాం. బ్యాలెట్ ఇంగ్లీషులో, స్పానిష్‌లో మాత్రమే ఉంటుంది. వివరించి ఊరుకుందామని నేను. అనుకూలంగా వేయమని చెప్పకపోతే శ్రమ దండగ అని మిగతా ముగ్గురు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తండ్రి
చెప్పాలి. మన పిల్లలు చదివే బడులవి. మా నాన్నగారు అంతా ఓపికగా విని చివరికి "ఇంతకీ దేనికి వేయమంటావురా?" అంటారు. అప్పుడు నీళ్ళు నమిలితే నాకే విషయం తెలియదనుకుంటారు.

ప్లానో పన్నుదారు
బ్యాలెట్ మీది ‘ఆస్తి పన్ను పెంపు’ వాక్యం ఊరికే భయపెట్టడానికే అని మీ సభలో చెబుతారేమోనని రాస్తున్నాను. 2019లో చట్టం చేసి మరీ పెట్టించారు. బాండ్ అంటే అప్పు; అసలూ వడ్డీ తీరేది మన ఆస్తి పన్నులోంచే. ‘పన్ను రేటు పెరగదు’ అని ప్రచారం చేసేవాళ్ళు చెప్పేది సగమే. పాత అప్పులు తీరుతుంటే తగ్గాల్సిన రేటు, కొత్త అప్పు వల్ల తగ్గదు. పైగా ఇంటి విలువ పెరిగితే రేటు కదలకపోయినా బిల్లు పెరుగుతుంది.

ఖాతాలు చూసే మనిషి
పైవారు చెప్పింది నిజమే. రేటు పెరగకపోయినా ఆ వాక్యం ఉండి తీరాలన్నదీ నిజమే. రెండూ చెప్పాలి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. డిస్ట్రిక్ట్‌కు జేబులు రెండు. జీతాలు, రోజువారీ ఖర్చులు ఒకదాంట్లోంచి. భవనాల అప్పులు తీర్చేది రెండోదాంట్లోంచి. బాండ్ డబ్బుతో టీచర్ల జీతాలు ఇవ్వకూడదు. 2024లో జీతాలకు సంబంధించింది ఒక ప్రతిపాదన, మిగతా మూడూ బాండ్లు. నాతో మాట్లాడిన చాలామంది నాలుగింటినీ ఒకే మూట అనుకున్నారు.

మరో సంగతి. 65 దాటినవారికి స్కూల్ పన్ను పెరగకుండా పరిమితి ఉంటుందని సభల్లో గొప్పగా చెబుతుంటారు. ఉంది. కానీ ఆ ఇల్లు వారి సొంతమై, వారు అందులో ఉంటూ, వయసు మీద ఇచ్చే పన్ను మినహాయింపు తీసుకున్నప్పుడే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళుండేది ఎక్కువగా కొడుకు పేరునో కూతురి పేరునో ఉన్న ఇంట్లో! ‘మీకు పెరగదు’ అని వారితో చెబితే అబద్ధం చెప్పినట్టే.

ఇద్దరు పిల్లల తండ్రి
ఈ ముక్క నాకు తెలియదు. నిరుడు ఇద్దరు ముగ్గురికి ధీమాగా అదే చెప్పాను.

ఫ్రిస్కో కోడలు
అందుకే సలహా వద్దంటున్నాను. ప్రభుత్వ డబ్బుతో ప్రచారం చేయకూడదని డిస్ట్రిక్ట్‌కు చట్టం ఉంది. మనకు లేదు కాబట్టి మనమే ఎక్కువ జాగ్రత్తపడాలి. ఒక కాగితం తయారుచేస్తాను. పోలింగ్ గదిలో ఫోను వాడనివ్వరు, కాగితం అయితే వెంట ఉంచుకోవచ్చు.

ఇదంతా నిన్న అత్తగారికి చదివి వినిపించాను. "సరే, పాత అప్పు ఇంకా ఎంత ఉంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఖాతాలు చూసే మనిషి
బాండ్ ఓటుకు ముందు డిస్ట్రిక్ట్ ఇవ్వాల్సిన సమాచార పత్రంలో అది ఉంటుంది: కొత్త అప్పుకు అసలూ వడ్డీ, పాత అప్పులో మిగిలింది, లక్ష డాలర్ల ఇంటికి ఏడాదికి పన్ను ఎంత పెరుగుతుందో అంచనా. ఫ్రిస్కోలో లక్షకు ఇల్లెక్కడుంది? మీ ఇంటి విలువకు తగ్గట్టు లెక్కవేసి చూపించండి. ఆవిడ ప్రశ్నను మాత్రం కాగితంలో అన్నిటికన్నా పైన పెట్టండి.